నిద్ర పట్టడం లేదు, సెరోటోనిన్ టెస్ట్ చేయించుకోవాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 32 ఏళ్లు. మాది మదనపల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్లిలో ఉంటాం. రెండేళ్లపాటు అమెరికా క్లయింట్ కోసం సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా షిఫ్ట్ చేశాను. మూడు నెలల క్రితం జనరల్ షిఫ్ట్‌కి మారాను. అప్పటి నుంచి రాత్రి పదకొండుకి పడుకుంటే మూడింటి దాకా కంటి మీద కునుకు ఉండదు. పడుకున్నాక కాళ్లు గుంజినట్టు ఉంటాయి, లేచి హాల్లో తిరిగితే తగ్గుతుంది. ఎనిమిదికి అలారం మోగితే ఏడుపొస్తుంది. శని, ఆదివారాలు పన్నెండు దాకా లేవను. విచిత్రం ఏమిటంటే సాయంత్రం ఆఫీస్ బస్సులో తల వాలిస్తే చాలు, నిద్ర. రోజుకి నాలుగు కాఫీలు తాగుతాను, చివరిది ఆరింటికి. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు మెలటోనిన్ 10 మిల్లీగ్రాముల మాత్రలు పంపింది, పెద్దగా పని చేయలేదు. ఆఫీసులో ఒకావిడ ఆల్‌ప్రాజొలామ్ ఇస్తే ఏడెనిమిది సార్లు వేసుకున్నాను, ఆ రాత్రులు పట్టింది. కొన్నిసార్లు అవిల్ కూడా వేసుకున్నాను. 'నీ మెదడులో కెమికల్స్ బ్యాలెన్స్ తప్పాయి, సెరోటోనిన్ తక్కువైంది' అంటుంది ఆవిడ. ఒక ల్యాబ్ వాళ్లు ఇంటికొచ్చి పొద్దున పరగడుపున రక్తం తీసుకుని సెరోటోనిన్, మెలటోనిన్, డోపమైన్ అన్నీ చూస్తారట. ప్యాకేజీ ఆరు వేల చిల్లర. చేయించుకోవాలా? నిజంగా నా మెదడులో ఏదైనా లోపం ఉందా? మా అమ్మ మాత్రం గసగసాల పాలు తాగమంటోంది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఆ ఆరు వేలు మీ దగ్గరే ఉంచుకోండి.

మన ఒంట్లోని సెరోటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు పేగుల్లోనే తయారవుతుంది. అక్కడి నుంచి రక్తంలోకి వచ్చి ప్లేట్‌లెట్లలో నిలవ ఉంటుంది. మెదడు వాడుకునే సెరోటోనిన్ వేరు, దాన్ని మెదడు తన వంటింట్లో తనే వండుకుంటుంది. రెండింటి మధ్యా గోడ ఉంది, రక్తంలోది మెదడులోకి పోదు. చేతి నరంలోంచి తీసిన రక్తాన్ని చూసి మెదడులో సెరోటోనిన్ తక్కువైందనడం, పక్కింటివాళ్ల ఉప్పు డబ్బా మూత తీసి చూసి మీ పప్పులో ఉప్పు చాల్లేదని చెప్పినట్టే. డోపమైన్‌దీ అదే కథ.

మెలటోనిన్ సంగతి ఇంకా తమాషా. అది చీకటి పడ్డాక పెరిగి, పొద్దెక్కేసరికి అడుగంటుతుంది. పొద్దున తీసిన రక్తంలో దాన్ని వెతికి 'తక్కువ' అని ఎర్ర అక్షరాల్లో రాసిచ్చారనుకోండి, ఆ వేళకి అది నాకూ తక్కువే, రక్తం తీసిన కుర్రాడికీ తక్కువే. నిద్ర మీద పరిశోధన చేసేవాళ్లు దీన్ని కొలవాలంటే మనిషిని సాయంత్రం నుంచి మసక వెలుతురు గదిలో కూర్చోబెట్టి, అరగంటకో గంటకో ఒకసారి లాలాజలం తీసుకుంటారు. ఎంత ఉందన్నదాని కంటే ఏ టైమ్‌కి పెరగడం మొదలైందన్నదే వాళ్లకి కావాలి.

నేను ముప్పై ఏళ్లు ఫిజియాలజీ పాఠాలు చెప్పిన పంతులమ్మను, మందుల చీటీలు రాసే డాక్టరును కాను. కాబట్టి మందుల మాట వచ్చినచోట మీ డాక్టరు చెప్పిందే వినండి. కానీ 'లోపం ఉందా' అని అడిగారు చూడండి, దానికి జవాబు చెప్పగలను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మెదడు పాడైనట్టు నాకెక్కడా కనపడలేదు. రెండేళ్లు మీరు నేర్పిన పాఠాన్ని తు.చ. తప్పకుండా అప్పజెబుతోంది, అంతే. ఒక్క చోట మాత్రం నాకు అనుమానం ఉంది. అది మీరు సగం వాక్యంలో చెప్పి వదిలేసిన కాళ్ల సంగతి. దాని దగ్గరికి వస్తాను.

బస్సులో ఎందుకు నిద్ర పడుతోంది, మంచం మీద ఎందుకు పట్టడం లేదు? దీంట్లోనే చాలావరకు ఉంది.

మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతమే అయినా, ఖర్చు పెట్టే శక్తి 20 శాతం దాకా ఉంటుంది. ఆ శక్తి ఏటీపీ అనే పదార్థం రూపంలో వస్తుంది. పొయ్యిలో కట్టె కాలితే బూడిద మిగిలినట్టు, ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ అడెనోసిన్ అనేది మిగులుతుంది. మెలకువగా ఉన్న ప్రతి గంటా అది మెదడులో పేరుకుంటూ పోతుంది, పేరుకునేకొద్దీ కళ్లు బరువెక్కుతాయి, నిద్రపోతే తగ్గిపోతుంది. మెలకువలో ఏదో పదార్థం పోగవుతుందన్న అనుమానం పాతదే. వందేళ్ల క్రితమే జపాన్‌లో ఇషిమోరీ, పారిస్‌లో పియెరాన్ ఈ పని చేశారు. కుక్కల్ని రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు నుంచి తీసిన పదార్థాన్ని హాయిగా ఉన్న కుక్కలకి ఎక్కించారు. ఆ కుక్కలు పడి నిద్రపోయాయి. పాపం ఆ కుక్కలు అనిపిస్తుంది గానీ, నిద్రని ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి మార్చొచ్చని తేలింది. లక్ష్మణుడి నిద్ర కూడా ఊర్మిళే పోయిందని మన అమ్మమ్మలు చెప్పిన కథ గుర్తొస్తుంది నాకు.

ఇప్పుడు మీ కాఫీ దగ్గరికి. మదనపల్లె బస్టాండ్‌లో పండగ రద్దీలో బస్సు ఎక్కారా ఎప్పుడైనా? బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టుకుంటారు. కెఫీన్ చేసేది సరిగ్గా అదే. అడెనోసిన్ వచ్చి కూర్చోవాల్సిన సీట్లు నాడీకణాల మీద ఉంటాయి. కెఫీన్ ముందే వచ్చి వాటి మీద కర్చీఫ్ వేసేస్తుంది. అడెనోసిన్ ఎక్కడికీ పోదు, నడవాలో నిలబడే ఉంటుంది, ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. కర్చీఫ్ తీసేసిన క్షణాన అందరూ ఒక్కసారే కూలబడతారు. కాఫీ దిగాక మనిషి డీలా పడిపోయేది అందుకే. కాఫీ అలసటని తీసేయదు, అలసట కబురు మెదడుకి అందనివ్వదు.

కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. ఒకరికి 3 గంటలైతే ఇంకొకరికి 7 గంటలు. మీ ఆరింటి కాఫీలో సగం రాత్రి పదకొండుకి ఇంకా ఒంట్లోనే ఉంది, పావు వంతు తెల్లవారుజామున నాలుగు దాకా. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ టైమ్ దాదాపు రెట్టింపవుతుంది. మీరు వేసుకుంటున్నారో లేదో రాయలేదు, వేసుకుంటూ ఉంటే మధ్యాహ్నం కాఫీ కూడా రాత్రి దాకా నిలుస్తుంది. 'నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది' అనేవాళ్లు చాలామంది ఉంటారు, నేనూ అన్నాను ఒకప్పుడు. పట్టొచ్చు, కానీ నిద్ర లోతు తగ్గుతుంది. అది మనకి తెలియదు, పొద్దున ఇంకో కాఫీ కావాలనిపించడమే తెలుస్తుంది.

పైగా ఆఫీస్ బస్సు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ముప్పావుగంట కునికితే, పొద్దుట్నుంచీ పోగేసిన అడెనోసిన్‌లో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. సాయంత్రం చిరుతిండి దండిగా తిని, రాత్రి అన్నం ముందు కూర్చుని ఆకలి లేదేమిటని దిగులు పడితే ఎలా? మిగిలిన కాస్త అడెనోసిన్‌కీ ఆరింటి కాఫీ సీటు దొరకనివ్వడం లేదు.

ఇది సగం. రెండో సగం గడియారం.

మన రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటుకుంటాయి. సరిగ్గా ఆ కూడలి పైన 20,000 దాకా నాడీకణాల ముద్ద ఉంటుంది. ఒంటికి పగలెప్పుడో రాత్రెప్పుడో చెప్పేది అదే. దాన్ని వదిలేస్తే సగటున 24 గంటల మీద ఇంకో పది నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుంది, అంటే రోజూ కాస్త ఆలస్యంగా నడవడమే దాని స్వభావం. అందుకే రాత్రి షిఫ్ట్‌కి అలవాటు పడినంత తేలిగ్గా పగటికి తిరిగి రాలేం. దాన్ని రోజూ సరిదిద్దేది వెలుతురు. కంట్లో బొమ్మ చూపించే కణాలు కాక, కేవలం వెలుతురు ఎంతుందో చూసి ఈ గడియారానికి చెప్పే కణాలు వేరే ఉన్నాయని 2002లో తెలిసింది. నీలి వెలుతురు వీటికి ఎక్కువ కనపడుతుంది.

చీకటి పడిందని ఆ గడియారం నమ్మాక, పీనియల్ గ్రంథి చేత మెలటోనిన్ విడుదల చేయిస్తుంది. దీన్ని 1958లో ఏల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ పశువుల పీనియల్ గ్రంథుల నుంచి వేరు చేశాడు. ఆయన చర్మవ్యాధుల డాక్టరు! కప్ప చర్మం రంగును తేలిక చేసే పదార్థం కోసం వెతుకుతున్నాడు. నిద్ర ఆయన లెక్కలోనే లేదు.

మెలటోనిన్‌ని నిద్రమాత్ర అనుకోవడం దగ్గరే మీ ఆడపడుచు, మీరు, సగం ప్రపంచం పొరపాటు పడుతున్నారు. అది ఊళ్లో దండోరా వేసేవాడి లాంటిది. 'చీకటి పడిందహో' అని చెప్పడమే వాడి పని, ఆ తర్వాత ఎవరేం చేస్తారో వాడికి సంబంధం లేదు. ఎలుకలకి కూడా మెలటోనిన్ రాత్రే పెరుగుతుంది. అది వినే అవి కలుగులోంచి బయలుదేరి మీ వంటింట్లోకి వస్తాయి. దండోరాలో ముఖ్యం టైమ్, డప్పు ఎంత గట్టిగా కొట్టారన్నది కాదు. 10 మిల్లీగ్రాములంటే ఊరు అదిరేలా కొట్టడమే. గడియారాన్ని జరపడానికి అర మిల్లీగ్రాము లాంటి చిన్న మోతాదు కూడా పని చేస్తుంది, అయితే పడుకునే ముందు కాదు, కొన్ని గంటల ముందే. మీరు పదకొండుకి వేసుకున్న పెద్ద మాత్ర పొద్దున అలారం మోగేటప్పటికి కూడా ఒంట్లో కాస్త మిగిలి ఉండొచ్చు. ఆ సీసాని ప్రస్తుతానికి బీరువాలో పెట్టండి. మళ్లీ వాడాలంటే ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

మా నాన్న గుంతకల్లులో రైల్వేలో చేసేవారు. వారం నైట్ డ్యూటీ, వారం డే డ్యూటీ. నైట్ చేసొచ్చిన రోజు అమ్మ కిటికీకి గొంగళి కట్టేది, మేం పిల్లలం గుసగుసలుగా మాట్లాడుకునేవాళ్లం. అయినా మధ్యాహ్నం పన్నెండుకల్లా లేచి వాకిట్లో కూర్చునేవారు, కళ్లు ఎర్రగా. 'పగటి నిద్ర పనికి చేటు' అని ఎవరైనా అంటే ఆయన ఏమీ అనేవారు కాదు. పాఠం చెప్పడం మొదలెట్టాక అర్థమైంది నాకు, గొంగళి కట్టి గదిని చీకటి చేయగలిగాం గానీ, పొద్దున డ్యూటీ దిగి సైకిల్ మీద వచ్చేటప్పుడు కంట్లో పడ్డ ఎండని ఏమీ చేయలేకపోయామని.

మీ విషయంలో మూడు నెలలైనా గడియారం ఎందుకు సర్దుకోలేదంటే, సర్దుకోనివ్వడం లేదు మీరు. ఐదు రోజులు ఎనిమిదికి లేచి దాన్ని కాస్త ఇటు లాగుతారు, శని ఆదివారాలు పన్నెండుకి లేచి మళ్లీ అటు తోసేస్తారు. ప్రతి సోమవారం దుబాయ్ అవతల నుంచి విమానం దిగినంత పని.

మూడోది కూడా చెప్పాలి, మీరు పడుకుని ఏం చేస్తారో నాకు తెలుసు కనక. ఫోన్ తీసి టైమ్ చూస్తారు. 12:50. పక్క వీధిలో నీళ్ల ట్యాంకర్ మోటారు మోగుతుంటుంది. మళ్లీ చూస్తారు. 1:40. 'ఇప్పుడు పట్టినా ఆరు గంటలే' అని లెక్క వేస్తారు. ఆ లెక్క వేసిన క్షణాన మెదడు కింది భాగంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న చోటు నార్‌అడ్రినలిన్ వదులుతుంది. దాని పేరుకి 'నీలి మచ్చ' అని అర్థం, నిజంగానే నీలంగా కనపడుతుంది. ప్రమాదం వస్తే మనిషిని లేపి కూర్చోబెట్టడం దాని డ్యూటీ. మీ లెక్కల్ని అది ప్రమాదం కిందే జమ కడుతుంది. కొన్ని వారాలు ఇలా జరిగితే మంచాన్ని చూడగానే మెలకువ రావడం అలవాటవుతుంది. సోఫాలో కునికిపాట్లు పడ్డవాళ్లు మంచం ఎక్కగానే కళ్లు తెరుస్తారు చూడండి, అది ఇదే.

నిద్ర, మెలకువ రెండూ మెదడులో ఒకే తలుపుకి రెండు వైపులు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో వియన్నాలో వింత మెదడు జబ్బు ఒకటి వచ్చింది. చాలామంది రోజంతా నిద్రపోయారు, కొందరికి మాత్రం నిద్రే రాలేదు. ఫాన్ ఎకనామో అనే డాక్టరు చనిపోయినవారి మెదళ్లు పరీక్షిస్తే, నిద్రపోయినవాళ్లకి మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో వెనక భాగం, నిద్ర రానివాళ్లకి ముందు భాగం దెబ్బతిన్నాయని తేలింది. ముందున్నది నిద్రపుచ్చేది. వెనకున్నది మేలుకొలిపేది, హిస్టమిన్‌ని వదిలే కణాలు ఉన్నది అక్కడే. నిద్రపుచ్చే కణాలు గాబా అనే పదార్థంతో మేలుకొలిపేవాళ్ల నోళ్లు నొక్కుతాయి, వాళ్లు వీళ్ల నోళ్లు నొక్కుతారు. అందుకే తలుపు తెరిచైనా ఉంటుంది, మూసైనా ఉంటుంది, మధ్యలో ఎక్కువసేపు ఊగదు. తెరిచిన తలుపు గాలికి కొట్టుకోకుండా మనం రాయి అడ్డం పెడతాం కదా, అలాంటి రాయి ఓరెక్సిన్ అనే మెదడు కెమికల్. దాన్ని 1998లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. ఆ రాయి లేనివాళ్లున్నారు. నార్కొలెప్సీ అంటారు, మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతారు, పగలబడి నవ్వితే మోకాళ్లు పట్టు తప్పి కూలబడతారు. మెదడు కెమికల్ నిజంగా తక్కువైతే అలా ఉంటుంది, అమ్మా. మీది ఆ బాపతు కాదు.

ఇప్పుడు మీరు వేసుకున్న మాత్రలు. ఆల్‌ప్రాజొలామ్ ఆ గాబా చేతికి బలం ఇస్తుంది. అందుకే ఆ రాత్రులు నిద్ర పట్టింది, దాంట్లో ఆశ్చర్యం లేదు. కానీ అది తెచ్చే నిద్రలో గాఢనిద్ర పాలు తక్కువ. వారాల తరబడి వాడితే మెదడు దానికి అలవాటు పడి అదే మోతాదుకి లొంగదు, ఆపితే నిద్రలేమి ముందుకన్నా గట్టిగా తిరగబడుతుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుని పక్క సీటావిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసిచ్చిందంటే నాకు కాస్త కోపమే వచ్చింది. ఆవిడ మంచి మనసుతోనే ఇచ్చి ఉంటుంది, కాదనను. మీరు అప్పుడప్పుడూ ఏడెనిమిది సార్లే వేసుకున్నారు కాబట్టి ఇక్కడితో వదిలేయండి. ఇది చదివేవాళ్లలో ఎవరైనా నెలల తరబడి రోజూ వేసుకుంటూ ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించాలి.

అవిల్ పని చేసేది ఇందాక చెప్పిన హిస్టమిన్ మీద. దురదకీ అలర్జీ జలుబుకీ కారణమైన హిస్టమినే మెదడులో మేలుకొలిపే పని చేస్తుంది. పాతకాలపు అలర్జీ మాత్రలు మెదడులోకి పోయి దాని నోరు కట్టేస్తాయి, మగత వస్తుంది, పొద్దున కూడా వదలదు. మీ విషయంలో దానికి ఇంకో చిక్కుంది.

ఆ చిక్కు కాళ్లే. పడుకున్నాక కాళ్లు గుంజడం, కదపాలనిపించడం, లేచి తిరిగితే తగ్గడం, రాత్రిపూటే ఎక్కువ కావడం, ఈ నాలుగూ కలిస్తే రెస్ట్‌లెస్ లెగ్స్ అనే బాధ అయ్యే అవకాశం ఉంది. దీని వెనక డోపమైన్ ఉంది, డోపమైన్ వెనక ఇనుము ఉంది. మెదడు డోపమైన్ తయారు చేసుకోవడానికి ఇనుము కావాలి. నెలనెలా రక్తం పోయే ఆడవాళ్లలో ఇనుము నిల్వలు తగ్గడం మనకి కొత్త కాదు. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వలు ఖాళీగా ఉండొచ్చు. అవిల్ లాంటి మాత్రలు ఈ కాళ్ల బాధని పెంచుతాయి, కాఫీ కూడా కొందరిలో పెంచుతుంది. అంటే నిద్ర కోసం వేసుకున్న మాత్రే కాళ్లని నిద్రపోనివ్వకుండా చేసి ఉండొచ్చు.

కాబట్టి రక్త పరీక్ష చేయించుకోండి, ఆ ప్యాకేజీ కాదు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే సీరమ్ ఫెరిటిన్, దానితో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్. ఆరు వేలు అక్కర్లేదు. ఫెరిటిన్ రిపోర్టులో 'నార్మల్' అని ఉన్నా ఊరుకోకండి, ల్యాబ్ హద్దుల్లో అడుగున ఉంటే కాళ్ల బాధ ఉన్నవాళ్లకి అది చాలకపోవచ్చు. కాళ్ల సంగతి డాక్టరుకి నోరు తెరిచి చెప్పి, ఆ అంకె చూపించండి. ఐరన్ మాత్రలు మాత్రం మీకై మీరు మొదలెట్టకండి.

ఇక రోజు ఎలా నడపాలి? అన్నిటికంటే ముందు, లేచే టైమ్. శని, ఆదివారాలతో సహా ఎనిమిదికి. ఎంత ఆలస్యంగా పట్టినా ఎనిమిదికే. ఉత్సాహంతో మొదటి రోజే ఆరింటికి లేచి ఎండలో నిలబడొద్దు. మీ గడియారం ఇంకా అర్ధరాత్రి కింద లెక్కేస్తున్న వేళలో వెలుతురు పడితే, నిద్ర ముందుకి రాకపోగా ఇంకా వెనక్కి పోతుంది. ఎనిమిదికి లేచి, ఎనిమిదిన్నర లోపు బయటికి రండి. మీ అపార్ట్‌మెంట్‌లో కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడే కదా కనపడేది, నాకు ఆ ప్రాంతం తెలుసు. ఇంట్లో కాఫీ కలుపుకోకుండా వీధి చివర దర్శిని హోటల్ దాకా నడిచి, బయట స్టీల్ బల్ల దగ్గర నిలబడి తాగండి. ఆఫీసులో ట్యూబ్‌లైట్ల వెలుతురు 300 నుంచి 500 లక్స్ (వెలుతురుకి కొలత). బెంగళూరు మబ్బు పట్టిన పొద్దున కూడా బయట వేలల్లో ఉంటుంది. ఓ ఇరవై నిమిషాలు, నల్ల కళ్లద్దాలు లేకుండా. కుదురుకున్నాక మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున లేచే టైమ్ ముందుకి జరుపుకోండి.

కాఫీ రెండు చాలు, రెండోది మధ్యాహ్నం పన్నెండు లోపు. ఒక్కసారే మానేస్తే తలనొప్పి వస్తుంది, వారం రోజుల్లో మెల్లగా తగ్గించండి. సాయంత్రం అందరూ కాఫీకి లేస్తే మీరూ లేవండి, బై టూ చెప్పి మీ సగం కూడా ఆ ఫ్రెండ్‌కే ఇచ్చేయండి. మాత్రలిచ్చినావిడే తాగనివ్వండి. బస్సులో మాత్రం కునకొద్దు. సీటు దొరికినా నిలబడండి, లేదంటే అమ్మకి ఫోన్ చేయండి.

మీకు అన్నిటికంటే వింతగా తోచేది ఇప్పుడు చెబుతున్నాను. పదకొండుకి మంచం ఎక్కడం మానేయండి. ప్రస్తుతం మీరు నిజంగా నిద్రపోయేది ఐదు గంటలు, మంచం మీద ఉండేది తొమ్మిది. ఆ నాలుగు గంటలే మంచాన్ని పాడు చేశాయి. మొదటి వారం ఒంటిగంటన్నర దాకా హాల్లోనే ఉండండి, మసక లైటు వేసుకుని. పడుకున్న ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి వచ్చేయండి, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి వెళ్లండి. గడియారం వంక చూడొద్దు. త్వరగా పట్టడం మొదలయ్యాక వారానికి పావుగంటో అరగంటో ముందు పడుకోండి. మొదటి పది రోజులు పగలు నరకంలా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఆ రోజుల్లో స్కూటీ తీయకండి. ఇది నా సొంత వైద్యం కాదు. నిద్రలేమికి ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో ఇదొక ముక్క. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఈ థెరపీనే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది.

ఫోన్ వెలుతురు గురించి అడుగుతారని తెలుసు. పగలు బాగా వెలుతురు చూసినవాళ్లని ఫోన్ వెలుతురు పెద్దగా ఏమీ చేయదని నా అభిప్రాయం. ఫోన్‌లో వచ్చే ఆఫీస్ మెసేజ్ చేస్తుంది.

ఆరు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోయినా, నిద్రలో గట్టిగా గురక, ఊపిరి ఆగి ఉలిక్కిపడటం ఉన్నాయని ఇంట్లోవాళ్లు చెప్పినా, రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది, నిద్ర సమస్యలు అక్కడ చూస్తారు. మనసు బరువుగా ఉంటే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

గసగసాల పాల సంగతి మిగిలింది. పాలలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, మెదడు సెరోటోనిన్‌నీ మెలటోనిన్‌నీ చేసుకునేది దాంతోనే, నిజమే. కానీ గ్లాసు పాలలో ఉండేది కొద్దిగా, అది కూడా మెదడులోకి పోవడానికి మిగతా అమైనో ఆమ్లాలతో తోసుకోవాలి. గసగసాల్లో నల్లమందు జాడలు ఉంటే ఉంటాయి, చెంచాడుతో నిద్ర వచ్చేటంత కాదు. దుబాయ్ వెళ్లేటప్పుడు మాత్రం సంచీలో పెట్టుకోకండి, అక్కడ వాటికి నిషేధం. అయినా రోజూ ఒకే వేళకి వేడి గ్లాసు పట్టుకుని పావుగంట ఊరికే కూర్చోవడం వల్ల మంచే జరుగుతుంది, నీలి మచ్చ కాస్త నెమ్మదిస్తుంది. తాగుతున్నానని అమ్మకి చెప్పండి. తాగేది పదకొండుకి కాదు, ఒంటిగంటకని మాత్రం చెప్పకండి, ఆవిడకి నిద్ర పట్టదు.